ద్రాక్షపూత ఏల రాలును?

ద్రాక్షతోట పెంచువారికి సంవత్సరమంతటిలో మిక్కిలి ఆందోళన కలిగించునవి పూత దినములు. అక్టోబరులో కొమ్మలు కత్తిరించి, ఎరువులు వేసి, నీరు కట్టి, నెలన్నరపాటు కాచుకొన్న పిమ్మట పూగుత్తులు వికసించును. అవి వికసించిన కొలది దినములకే పందిరిక్రింద నేలయంతయు పొట్టు పరచినట్లు పూవులు రాలియుండుట చూచి రైతు గుండె జారిపోవును. తెగులు సోకినదని తలచి, ఎవరో చెప్పిన మందు అప్పు చేసియైనను తెచ్చి చల్లును. మందు చల్లినను పూత రాలుట ఆగదు. చాలసార్లు అక్కడ తెగులుగాని పురుగుగాని ఉండదు. తీగయొక్క పోషణలోనో, అది పెరిగిన వాతావరణములోనో కలిగిన లోటు ఆ విధముగా బయటపడుచున్నది. ఇట్టివానిని శరీరధర్మ సంబంధమైన లోపములందురు.

ఈ ప్రసంగములో మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. పూతలో కనబడు లోపమునకు మూలము తరచు ఆరేడు నెలలకు ముందు, వేసవిలోనే పడియుండును. కావున దాని నివారణ కూడ వేసవిలోనే ఆరంభింపవలెను. ఈ సంగతి ఎట్లు నిజమో వివరించుటకు ముందు ద్రాక్షపూవు నిర్మాణమును కొంచెము తెలిసికొందము.

పూవు, పిందె

ద్రాక్షపూవు మిక్కిలి చిన్నది. ఇతర పుష్పములవలె దీని రేకులు విచ్చుకొనవు. ఐదు ఆకుపచ్చని రేకులు కొనలయందు కలిసికొని టోపీవలె పూవును కప్పియుండును. పూవు వికసించువేళ ఆ టోపీ అడుగున తెగి ఊడిపడును. అప్పుడు ఐదు కేసరములును, నడుమ అండాశయమును బయటపడును. అండాశయములో రెండు గదులు, గదికి రెండేసి చొప్పున నాలుగు అండములు ఉండును. పుప్పొడి కీలాగ్రముపై పడి, మొలకెత్తి, సన్నని నాళముగా లోనికి పెరిగి అండమును చేరినప్పుడే ఫలదీకరణము జరిగి పిందె నిలుచును. మన తోటలలోని రకములలో పెక్కింటికి తమ పుప్పొడియే తమకు చాలును. కొన్ని రకములలో మాత్రము కేసరములు వెనుకకు వంగి, పుప్పొడి నిస్సారమై యుండును. అట్టివానికి ప్రక్కన వేరొక రకము లేనిదే కాపు నిలువదు.

ఇక్కడ రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది, నేలపై పడిన పొట్టులో కొంతభాగము కేవలము టోపీలే. దానిని అరచేతిలోనికి తీసికొని చూచినచో టోపీ ఏదో, కాడతోకూడిన పూవు ఏదో తెలియును. రెండవది, పూచిన ప్రతి పూవును కాయ కాదు. ఒక పూగుత్తిలో కొన్ని వందల పూవులు, పెద్ద గుత్తులలో వేయికి పైగా పూవులు ఉండును. నూటికి 20 నుండి 50 వరకు పిందెలు నిలిచినచో గుత్తి సాధారణముగా నిండుగానే ఉండును. మిగిలినవి రాలుట ప్రకృతిధర్మము. అన్నియు నిలిచినచో కాయలు ఒకదానినొకటి ఒత్తుకొని పగిలి కుళ్ళును. థామ్సన్ సీడ్‌లెస్ వంటి గింజలేని రకములలో గుత్తి మరీ బిగువుగా ఉండకుండుటకై రైతులే పూతను పలుచన చేయుదురు. కావున రాలుట అంతయు నష్టము కాదు. రాలవలసినదానికంటె మించి రాలినప్పుడే దానిని లోపమనవలెను.

నాలుగు విధములైన లోపములు

ద్రాక్షసాగు బహు ప్రాచీనమైన ఫ్రాన్సు దేశమున ఈ లోపములకు వేర్వేరు పేర్లున్నవి. ఆ పేర్లు నేడు ఇతర దేశములలోను వాడుకలో ఉన్నవి.

మొదటిది ఫిలాజ్. పూగుత్తిగా కనబడవలసినది సాగి, సన్నబడి, నులితీగగా మారిపోవుట. కొన్నిచోట్ల సగము నులితీగ, సగము గుత్తిగా కూడ కనబడును.

రెండవది కూల్యూర్. పూవులు, అప్పుడే కట్టిన పిందెలు మితిమీరి రాలిపోయి గుత్తి బోసిపోవుట.

మూడవది మిల్లరాండాజ్. ఒకే గుత్తిలో కొన్ని కాయలు పెద్దవిగాను, కొన్ని మిరియపు గింజలంతేసి గాను నిలుచుట. కోడియు దాని పిల్లలును కలిసియున్నట్లున్నదని ఆంగ్లేయులు దీనికి ముచ్చటగా పేరు పెట్టినారు. కాని అమ్మకమునకు తెచ్చిన రైతునకు ఇందులో ముచ్చట లేదు. అట్టి గుత్తికి సంతలో ధర పలుకదు.

నాలుగవది పూగుత్తి ఎండుట. పూతకు కొంచెము ముందో, పూతలోనో గుత్తి కొనగాని, ప్రక్కరెమ్మలుగాని వడలి, నల్లబడి రాలిపోవును.

వేసవిలో వ్రాయబడిన జాతకము

నులితీగయు, పూగుత్తియు ఒక తల్లి బిడ్డలే. కన్ను లోపల మొదట ఏర్పడు లేత అంకురమునకు ఏదియు నిర్ణయమై యుండదు. అనుకూల పరిస్థితులున్నచో అది శాఖోపశాఖలుగా చీలి పూగుత్తి యగును. లేనిచో నులితీగ యగును. సైటోకైనిన్ అను పెరుగుదల పదార్థము దానిని పూగుత్తివైపు, జిబ్బరెల్లిన్ అను పదార్థము నులితీగవైపు నడుపును. ఆస్ట్రేలియాలో శ్రీనివాసన్, మల్లిన్స్ అను శాస్త్రజ్ఞులు 1970 దశకపు చివరి సంవత్సరములలో చేసిన పరిశోధనలు దీనిని స్పష్టపరచినవి. సైటోకైనిన్ ప్రయోగించి నులితీగలనే పూగుత్తులుగా మార్చవచ్చునని వారు చూపిరి. ఈ సైటోకైనిన్ ముఖ్యముగా వేళ్ళ కొనలలో తయారగును. వేళ్ళకు గాలి ఆడక, నేల చవుడై, నీరు నిలిచిన తోటలలో కాపు తగ్గుటకు ఇది యొక కారణము.

అంకురము గుత్తియగునా, తీగయగునా అను నిర్ణయము మన ప్రాంతమున ఎప్పుడు జరుగును? దక్కను పీఠభూమిపై ద్రాక్షను సంవత్సరమునకు రెండుసార్లు కత్తిరింతురు. ఏప్రిలులో చేయునది కొమ్మల కొరకు, అక్టోబరులో చేయునది పండ్ల కొరకు. ఏప్రిలు కత్తిరింపు తరువాత సుమారు 40వ దినము మొదలు 70వ దినము వరకు కన్నులలో ఈ నిర్ణయము జరుగును. అనగా మే చివరనుండి జూను వరకు. ఆ కాలమున కన్నులకు వెలుతురు, వేడిమి సమృద్ధిగా లభింపవలెను. వెలుతురు తగ్గినచో కన్నులలో పూగుత్తులు తగ్గునని ఆస్ట్రేలియాలోనే బట్‌రోజ్ అను శాస్త్రజ్ఞుడు ఉష్ణోగ్రతను, కాంతిని అదుపులో ఉంచిన గదులలో తీగలు పెంచి నిరూపించెను. మన తోటలలో ఏప్రిలు కత్తిరింపు ఆలస్యమైనచో ఈ కీలకమైన దినములు ఋతుపవనపు మబ్బులలో పడిపోవును. కొమ్మలు చిక్కుగా అల్లుకొన్న పందిరి ఎండకాలములో కూడ తన కన్నులను తానే నీడలో పెట్టుకొనును. అట్టి కన్నులలో డిసెంబరునకు గుత్తికి బదులు నులితీగ సిద్ధమై యుండును. అప్పుడు ఏ మందు చల్లినను ప్రయోజనము లేదు.

నిలువ ధనము

రెండవ కారణము ఆహారపు నిలువ. కత్తిరించిన పిదప వచ్చు లేత చిగురు తన ఆహారమును తాను సంపాదించుకొనలేదు. ఆకు తన పూర్తి పరిమాణములో మూడవవంతు నుండి సగము వరకు పెరిగిన తరువాతనే ఇతర భాగములకు ఆహారము పంపగలదు. అంతవరకు చిగుళ్ళు, పూగుత్తులు మోడులోను, కొమ్మలలోను, వేళ్ళలోను దాచియుంచిన పిండిపదార్థముపై ఆధారపడును. గత సంవత్సరము శక్తికి మించి కాపు కాచిన తీగకు, వర్షకాలములో తెగులువలన ఆకులు రాలిన తీగకు ఈ నిలువ తక్కువ.

నిలువ తక్కువైనప్పుడు తీగలో పోటీ ఏర్పడును. పెరుగుచున్న చిగురు కొన బలమైనది, పూగుత్తి బలహీనమైనది. ఉన్న ఆహారమును చిగురే లాగికొనును. నత్రజని ఎరువు, నీరు మితిమీరి ఇచ్చినచో చిగురు మరింత విజృంభించి గుత్తిని ఎండగట్టును. పూత రాలుచున్నదని యూరియా మరికొంత వేయువారు ఈ సంగతి గ్రహింపవలెను. ఆకలిగొన్న బిడ్డను కాదని బలిసిన బిడ్డకే అన్నము పెట్టినట్లగును.

పూత దినముల వాతావరణము

మూడవ కారణము వాతావరణము. పుప్పొడి నాళము పెరుగుటకు 25 నుండి 30 డిగ్రీల వరకు ఉష్ణోగ్రత అనుకూలము. 15 డిగ్రీలకు దిగినచో ఆ పెరుగుదల మందగించును. వాన కురిసినచో టోపీలు ఊడక పూవులకు అంటుకొనును, పుప్పొడి తడిసిపోవును. ఫ్రాన్సులో జూను నెలలో పూత సమయమున చలివాన పట్టిన సంవత్సరములలో గ్రెనాష్, మెర్లో, మాల్బెక్ వంటి రకములలో కూల్యూర్ అధికముగా వచ్చును. మనకు అంతటి చలి అరుదు. అయినను నవంబరులో వాయుగుండముల వలన మబ్బు, ముసురు పట్టుట సామాన్యమే. మబ్బు దినములలో ఆకు తయారుచేయు ఆహారము కూడ తగ్గును. నిలువ బాగుగా నున్న తీగ ఆ నాలుగు దినములు తట్టుకొనును. నిలువ లేని తీగ పూతను రాల్చివేయును. ఒకే వానకు ప్రక్కప్రక్కనున్న రెండు తోటలలో ఒకటి దెబ్బతిని, రెండవది నిలుచుటకు ఇది తరచు కారణము.

సూక్ష్మధాతువులు

నాలుగవ కారణము సూక్ష్మధాతు లోపము. పుప్పొడి నాళము పెరుగుటకు బోరాన్ అవసరము. అది లోపించినచో టోపీలు ఊడక ఎండిపోవును, పూత రాలును, నిలిచిన కాయలలో చిన్నవి ఎక్కువగును. ఇసుక నేలలలోను, నేల బాగుగా ఎండిపోయినప్పుడును ఈ లోపము కనబడును. జింక్ లోపించినచో ఆకులు చిన్నవై, కాడ దగ్గర ఆకు గాడి వెడల్పై, గుత్తులు పలుచనై కాయలు హెచ్చుతగ్గులుగా నుండును. సున్నము అధికముగానున్న నేలలలో ఇది సామాన్యము. ఆస్ట్రేలియాలో స్వంత వేళ్ళపై పెరిగిన మెర్లో ద్రాక్షకు మాలిబ్డినమ్ లోపమువలన మిల్లరాండాజ్ వచ్చుచున్నదని 2000 తరువాత గుర్తించిరి. అతి స్వల్పముగా కావలసిన ధాతువు లోపించినను పంట ఎంత మారునో దీనివలన తెలియుచున్నది.

తెగులునుండి వేరుపరచుట

మందు కొనుటకు ముందు గుత్తిని నిదానముగా పరిశీలింపవలెను. బూజు తెగులు సోకిన గుత్తిపై తేమగానున్న ఉదయవేళ తెల్లని బూజు కనబడును, ఆకులపై నూనె మరకలవంటి మచ్చలుండును. పక్షికన్ను తెగులులో నల్లని అంచుగల గుంటమచ్చలు లేత కొమ్మలపై కూడ ఉండును. శరీరధర్మ లోపములలో బూజుగాని, మచ్చగాని ఉండదు. పూవు కాడ మొదట తెగి శుభ్రముగా రాలును. లోపము తోటయంతటను ఒకే రీతిగానో, బలము మించిన తీగలలోనో, నీడపడు వరుసలలోనో కనబడును. కొన్ని తీగలు మాత్రమే ప్రతి సంవత్సరము బోసిగుత్తులు వేయుచు, ఆకులు వికారముగా విసనకర్రవలె మారినచో వైరస్ కావచ్చును. అట్టి తీగలనుండి కొమ్మలు తీసి నాటరాదు.

చేయవలసిన పనులు

ఇక నివారణ. కాలక్రమమున చెప్పెదము.

పంట కోసిన తరువాత తీగకు కొంత విశ్రాంతి నిచ్చి, ఎరువు నీరు పెట్టి, ఏప్రిలులో కత్తిరింపు ఆలస్యము లేకుండ ముగింపవలెను. చిగుళ్ళు మూడు నాలుగు ఆకుల ప్రమాణమున ఉన్నప్పుడే బలహీనమైనవి, ఒత్తుగానున్నవి తీసివేయవలెను. మిగిలిన కొమ్మలను ఒకదానిపై నొకటి పడకుండ పందిరిపై పరచి కట్టవలెను. మధ్యాహ్నవేళ పందిరిక్రింద నిలిచి చూచినప్పుడు నేలపై అక్కడక్కడ ఎండ మచ్చలు పడుచుండవలెను. కటిక నీడగా నున్నచో కొమ్మలు ఎక్కువైనవని గ్రహింపవలెను. మే, జూను మాసములలో నత్రజనిని, నీటిని తగ్గింపవలెను. అయితే తీగ వడలునంతగా ఎండబెట్టరాదు. కత్తిరించిన 45వ దినము ప్రాంతమున మొదటినుండి ఐదవ ఆకు కాడలను సేకరించి పరీక్షకు పంపినచో ఏ ధాతువు లోపించినదో తెలియును.

వర్షకాలములో ఆకులను తెగుళ్ళనుండి కాపాడవలెను. అక్టోబరు వరకు ఆకు పచ్చగా నిలిచినంత కాలము నిలువ పెరుగుచుండును.

అక్టోబరు కత్తిరింపునకు ముందు కొన్ని కొమ్మలను ప్రయోగశాలకు పంపి, కన్నులను సూక్ష్మదర్శినిలో చూపించుట మంచిది. ఏ కన్నులో గుత్తియున్నదో తెలిసిన పిదప ఎన్ని కన్నులు వదలి కత్తిరింపవలెనో నిశ్చయింపవచ్చును. ఈ విషయములలో పుణె సమీపమున మంజరిలో 1997లో నెలకొన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రము, హైదరాబాదు రాజేంద్రనగరులోని ద్రాక్ష పరిశోధన స్థానము వంటి సంస్థల సలహా తీసికొనవలెను.

పూతకు ముందు, పరీక్షలో బోరాన్ లోపము రూఢియైనచో లీటరు నీటికి 1 గ్రాము బోరిక్ ఆమ్లము కలిపి చల్లవచ్చును. బోరాన్ అవసరమునకును, విషమునకును నడుమ ఎడము చాల తక్కువ. కావున లోపము లేనిచోట చల్లుట ఆకులను మాడ్చుకొనుటయే. జింక్ లోపమున్నచో పూతకు రెండు మూడు వారముల ముందు జింక్ సల్ఫేటు ద్రావణమును సున్నముతో సరిచేసి చల్లవలెను.

పూత సమీపించినప్పుడు బలముగా పెరుగు చిగుళ్ళ కొనలను గిల్లుట అన్నిటికంటె సులభమైన ఉపాయము. పోటీదారు కొలది దినములు ఆగిపోవుటచే ఆహారము గుత్తివైపు మరలును. దీనికి చేతివేళ్ళు చాలును, ఖర్చు లేదు. పూతలో నీరు ఒక్కసారి ఎక్కువగా కట్టుటగాని, పూర్తిగా మానుటగాని చేయరాదు.

హైదరాబాదు ప్రాంతమునకు 1890 సమీపమున వచ్చినదని చెప్పబడు అనాబ్-ఎ-షాహీ రకమునకు ఈ విషయమున ప్రత్యేకస్థానమున్నది. రాజద్రాక్ష అను అర్థముగల ఈ రకము 20వ శతాబ్దపు మధ్యకాలమున నగరము చుట్టుపట్ల తోటలకు పేరు తెచ్చినది. కాని పూత, పిందె రాలుట దీని స్వభావములోనే ఉన్నది. దీనికి పూతకు సుమారు పదిదినముల ముందు బెరడును 3 నుండి 5 మిల్లీమీటర్ల వెడల్పున ఉంగరమువలె తొలగించు పద్ధతి కలదు. ఆకులలోని ఆహారము వేళ్ళకు దిగక కొంతకాలము పైననే నిలిచి గుత్తులకు అందును. గ్రీసు దేశపు చిన్న నల్లద్రాక్షకు కూడ ఇట్టి పద్ధతియే చిరకాలము వాడిరి. అయితే కత్తి బెరడును దాటి కఱ్ఱలోనికి దిగరాదు. బలహీనమైన తీగకు ఇది చేయనేకూడదు. వేళ్ళకు కొన్ని వారములు ఆహారము అందదు గదా.

ఒక హెచ్చరిక

చిగురు పెరుగుదల తగ్గించి కన్నులలో గుత్తులు పెంచుటకు క్లోర్‌మెక్వాట్ అను మందును మన దేశమున చాలకాలము విరివిగా వాడిరి. 2010లో ఐరోపాకు పంపిన మన ద్రాక్షలో దాని అవశేషములు అక్కడి పరిమితికి మించి కనబడినవి. సరకు నిరాకరింపబడి ఎగుమతిదారులును, వారిని నమ్ముకొన్న రైతులును తీవ్రముగా నష్టపోయిరి. జిబ్బరెల్లిన్ విషయము కూడ ఇట్టిదే. గింజలేని రకములలో కొలత ప్రకారము అది మేలు చేయును. కొలత తప్పినను, సమయము తప్పినను చిన్నకాయలు పెరుగును. గింజలుగల రకములపై చల్లినచో మరుసటి సంవత్సరపు కాపు తగ్గు ప్రమాదమున్నది. వెలుతురుతోను, గిల్లుటతోను సాధింపగల పనిని మందునకు అప్పగింపరాదు.

ఇంటి పెరటిలో ఒకే తీగ పెంచుకొను గృహస్థులకు కూడ ఈ మాటలు వర్తించును. తీగ ఏపుగా పెరుగుచున్నను కాయుటలేదని పెక్కుమంది చెప్పుదురు. సాధారణముగా అది గోడనీడలోనో, చెట్టునీడలోనో ఉండును. వంటింటినుండి వచ్చు నీరు దానికి ఏడాది పొడుగున అందుచుండును. దానిని ఎన్నడును కత్తిరించియుండరు. ఎండ తగులు వైపునకు పందిరిని మరల్చి, నీరు తగ్గించి, ఏప్రిలు, అక్టోబరు మాసములలో కత్తెర పట్టినచో అనేక తీగలు మరుసటి కాపునకే గుత్తులు చూపును.

ద్రాక్ష ఒక పూత కొరకు రెండు ఋతువులు పనిచేయును. వేసవి ఎండలో కన్ను సిద్ధపడును, వానకాలపు ఆకు నిలువ కూర్చును, చలికాలమున పూవు ఆ లెక్కను బయటపెట్టును. డిసెంబరులో నిండు గుత్తి కోరువారు మే మాసములోనే పందిరిక్రింద నిలిచి తలయెత్తి చూడవలెను. ఆకుల సందుల నుండి ఆకాశము కనబడుచున్నచో వారు సగము పని చేసికొన్నట్లే.